పాప పాఠం అప్పజెబుతోంది, చదవడం లేదు: కావలి తల్లి ప్రశ్నకు ఒక టీచరమ్మ జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ పాపకు ఐదున్నరేళ్లు, యూకేజీ. తెలుగు వాచకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గడగడా చదివేస్తుంది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి అదే మాట చదవమంటే బిక్కమొహం వేస్తుంది. ఇది మీ మొదటి టెన్షన్. రెండోది, మొన్న వీధిలో తాగి పడిపోయిన మనిషిని చూసి పాప "ఆయనకేమైంది?" అని అడిగితే మీరు చెప్పబోయారు. మీ అత్తగారు "ఇంత పసిదానికి అవన్నీ ఎందుకు, ముందు అఆలు సరిగ్గా రానీ" అని ఆపేశారు. ఎవరిది రైటు అని అడిగారు. అత్తగారి పుట్టినూరు కలిగిరి పక్క పల్లె అని కూడా రాశారు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒకటి, రెండు తరగతులకే చెప్పాను. సర్వీసులో సగం ఉదయగిరి, వింజమూరు వైపు మెట్ట ఊళ్లలో, మిగతా సగం సముద్రం పక్క ఊళ్లలో గడిచింది. ఉద్యోగం రాకముందు, 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు, రాత్రి బడిలో ఆడవాళ్లకు అక్షరాలు నేర్పాను. మీ రెండు ప్రశ్నలకూ నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. మాటలోని చప్పుళ్లను గమనించడం, చుట్టూ జరిగేదాన్ని గమనించడం ఒకే అలవాటు. పెద్ద మాటల్లో దాన్ని ధ్వని స్పృహ, సామాజిక స్పృహ అని విడదీస్తారు. నాకు రెండింటికీ "ఎరుక" అనే మాటే సరిపోతుంది.

ముందు చదువు సంగతి. మీ పాప అప్పజెబుతోంది. బొమ్మను బట్టి పేజీని గుర్తుపట్టి, మీ నోట విన్న వాక్యాన్ని తిరిగి అంటోంది. ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు, జ్ఞాపకశక్తి బాగుంది కాబట్టే ఇన్నాళ్లూ మీకు తెలియలేదు. తెల్లకాగితం మీద "పలక" అని రాసి చూపించండి. చదవొచ్చు. దాని కింద "కలప" అని రాయండి. అవే మూడు అక్షరాలు, వరుస మారింది, అంతే. పాప దాన్ని కూడా "పలక" అంటే, మాటను మొత్తంగా బొమ్మలాగా గుర్తుపెట్టుకుందని అర్థం. ప, ల, క విడివిడిగా చూపిస్తే చెప్పగలదు. కానీ తన నోటి నుంచి వచ్చే "పలక" అనే మాటలో మూడు ముక్కలున్నాయని చెవికి ఇంకా ఎరుక లేదు. చెవికి తెలియని ముక్కలు కంటికి ఎంత దిద్దించినా అతకవు. అందుకని ఒక నెల పాటు దిద్దించడం తగ్గించి, చెవికి పని చెప్పండి.

మన చిన్నప్పుడు పెద్దవాళ్లకు అర్థం కాకూడదని క భాష మాట్లాడుకునేవాళ్లం, గుర్తుందా? "నేను రాను" అనాలంటే "కనేకను కరాకను" అనేవాళ్లం. ప్రతి అక్షరం ముందూ ఒక క. అది అల్లరి ఆటే గానీ, ఆ ఆట ఆడగలిగిన పిల్లకు మాటను ముక్కలు చెయ్యడం వచ్చేసినట్టే. మా తరగతిలో క భాష పట్టుకున్న పిల్లలు దసరా సెలవుల్లోపు చదవడం మొదలుపెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఐదున్నరేళ్ల పిల్లకు అది కొంచెం కష్టం. దానికి ముందు మెట్లు ఉన్నాయి.

మొదట చప్పట్లు. చి-లు-క, మూడు చప్పట్లు. కా-వ-లి, మూడు. నె-ల్లూ-రు, మూడు. ఇంట్లో అందరి పేర్లకూ కొట్టించండి. ఎవరి పేరు పొడుగు, ఎవరి పేరు పొట్టి అని పోటీ పెట్టండి. పిల్లలు మొదట్లో మనిషి పొడుగును చూసి చెబుతారు, "నాన్న పొడుగు కాబట్టి నాన్న పేరే పొడుగు" అని. అలా అన్నప్పుడు నవ్వి ఊరుకోకండి, రెండు పేర్లకూ చప్పట్లు కొట్టించి లెక్క పెట్టించండి. మాట వేరు, మాట చెప్పే వస్తువు వేరు అని పిల్లకు తెలిసే ఘడియ అది.

తర్వాత తీసేసే ఆట. కూరగాయలు తరిగేటప్పుడు ఆడండి. "వంకాయలో వం తీసేస్తే?" "కాయ!" "బెండకాయలో బెండ తీసేస్తే?" "కాయ!" ఇక్కడిదాకా తేలిక, ఎందుకంటే మిగిలినదానికి అర్థం ఉంది. "కమలలో క తీసేస్తే?" అన్నప్పుడు "మల" అనాలి, మల అంటే ఏమిటో తెలియకపోయినా అనాలి. అర్థాన్ని పక్కన పెట్టి చప్పుడును మాత్రమే పట్టుకోవడం ఇక్కడ మొదలవుతుంది. దీనికి వారం, పది రోజులు పట్టొచ్చు. తొందరపెట్టకండి, రోజూ పది నిమిషాలు చాలు.

మూడోది దీర్ఘం. తెలుగులో అర్థం మొత్తం తిప్పేసేది ఇదే. కలం, కాలం. వడ, వాడ. పడు, పాడు. ముందు చెవికి వినిపించండి, పొట్టిగా అంటే చెయ్యి మూసుకోవాలి, పొడుగ్గా అంటే చెయ్యి చాపాలి. గుణింతం అంతా ఈ ఆట మీదే నిలబడుతుంది. క, కా, కి, కీ, కు, కూ అని పాటలాగా వల్లించిన పిల్లను మధ్యలో "కు" చూపించి అడిగితే, మళ్లీ మొదటి నుంచి వేళ్లు మడుస్తూ వచ్చి చెబుతుంది. ఎందుకంటే వరుస వచ్చింది గానీ, మొదటి చప్పుడు మారకుండా చివరి చప్పుడు మాత్రం మారుతోందని వినలేదు. అది విన్న పిల్లకు "మ" గుణింతం విడిగా నేర్పక్కర్లేదు, తనే చెబుతుంది.

ఒత్తుల గురించి కంగారు పడొద్దు. "అమ్మ"ను "అమ" అని రాయడం ఈ వయసులో మామూలే. ద, ధ తేడా, బ, భ తేడా మన మాటల్లోనే సరిగ్గా పలకం, ఇక పిల్లకెలా వినిపిస్తుంది? అవి రెండో తరగతిలో చూసుకోవచ్చు.

మా మనవరాలికి ఒత్తు పట్టుబడింది రొట్టెల పండగలో. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా ముందు, ఎవరి కోరిక ఏమిటో ఆ రొట్టె అడిగి తీసుకుంటారు కదా. సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, విద్య రొట్టె. అట్టముక్కల మీద రాసి పట్టుకున్నవి చూస్తూ పిల్ల నా కొంగు లాగింది. "అమ్మమ్మా, అన్నిటికీ చివర ఒకటే ఉంది. ముందుదే మారతా ఉంది." రాత్రి ఇంటికొచ్చాక పలక మీద రొట్టె రాసింది. ట కింద చిన్న ట పెట్టి, "ఇది రెండుసార్లు గట్టిగా అనాలి" అంది. నేను ఒక్క అక్షరం కూడా చెప్పలేదు.

ఇంకో మాట. మీ పాప ఇంట్లో "యాడికి", "ఎట్టా", "ఇట్టుండాది" అంటుంది కదా. పుస్తకంలో "ఎక్కడికి", "ఎలా", "ఇలా ఉంది" అని ఉంటుంది. "తప్పు, అట్టా అనకూడదు" అని కసరకండి. మనం ఇంట్లో ఇలా అంటాం, పుస్తకంలో అలా రాస్తారు, రెండూ తెలుగే అని చెప్పండి. యానాది కాలనీల నుంచి బడికి వచ్చిన పిల్లలు మొదటి నెల నోరే విప్పకపోవడం చూశాను. వాళ్లకు మాటలు రాక కాదు. నోరు తెరిస్తే ఎవరో ఒకరు నవ్వుతారని. నోరు విప్పని పిల్లకు చప్పుళ్ల ఆట ఎలా ఆడిస్తాం? ఇంగ్లీషు మీడియం కదా అని మీరు అడగవచ్చు. మాటను ముక్కలు చెయ్యడం తెలుగులో వచ్చిన పిల్లకు ఇంగ్లీషులో కూడా దారి తెలుస్తుంది. ఇంట్లో వినే మాటలతో నేర్చుకోవడమే తేలిక. సర్కారు బడిలో వేస్తే, ఇచ్చే పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది. తెలుగు పేజీ ముందు చదివించండి.

ఇన్ని ఆటలు ఆడినా రెండు నెలల్లో ఏ మార్పూ లేకపోతే, ముందు చెవులు చూపించండి. తరచూ జలుబు చేసి చెవిలో చీము కారే పిల్లలకు కొన్ని చప్పుళ్లు సరిగ్గా వినపడవు. మనం మాత్రం "వినిపించుకోదు, మొండిది" అంటాం. కళ్లు కూడా చూపించండి. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు ఉచితంగా చూస్తారు. అన్నీ బాగుండి, రెండో తరగతి అయిపోతున్నా అక్షరాలు తారుమారు అవుతుంటే అది డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది, కావచ్చు, నిపుణులకు చూపించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దానికి చోటుంది. కొట్టినందువల్ల తగ్గేది కాదు.

ఇక రెండో ప్రశ్న. నాకు రెండు ప్రశ్నలూ ఒకటే అని ఎందుకు అనిపించిందో చెబుతాను.

ఒకసారి శిక్షణ తరగతుల కోసం కనిగిరి వైపు ఒక ఊరికి వెళ్లాను. ఒకటో తరగతిలో కూర్చున్నాను. టీచరు ఒకేలా ముగిసే మాటలు చెప్పిస్తోంది. పళ్లు, కళ్లు, ముళ్లు, నీళ్లు, కాళ్లు. పిల్లలు గట్టిగా అరుస్తున్నారు. ముందు వరసలో ఒక పిల్లవాడు అరుపు ఆపేసి, పక్కవాడి నోట్లోకి చూశాడు. పళ్ల మీద గోధుమరంగు చారలు. తన పళ్ల మీద వేలు పెట్టి రుద్దుకున్నాడు. తర్వాత లేచి నిలబడి, "టీచర్, పళ్లు ఇట్టుండేది నీళ్ల వల్లనే గదా. మా తాత కాళ్లు కూడా" అన్నాడు. తరగతి అంతా నిశ్శబ్దం. వాడు ఇంట్లో ఎప్పుడో పెద్దవాళ్లు అనుకుంటుంటే విని ఉంటాడు. ఆ మూడు మాటలు ఒక్కచోట చెవిన పడేసరికి మూడు సంగతులూ కలిసిపోయాయి.

కనిగిరి చుట్టుపక్కల భూమిలోని నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు చారలు, ఆ తర్వాత ఎముకలకు, కీళ్లకు దెబ్బ. పళ్లు తయారయ్యే చిన్న వయసులో తాగిన నీళ్లే ఆ చారలకు కారణం. కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆ టీచరు తెలివైనది. పాఠం పక్కన పెట్టి, బోరు నీళ్లు ఎవరు తాగుతున్నారు, ట్యాంకరు నీళ్లు ఎవరు తాగుతున్నారు అని పిల్లల చేతే బోర్డు మీద గీతలు పెట్టించింది. ఆ రోజు "నీళ్లు" అనే మాట రాయడం తరగతిలో దాదాపు అందరికీ వచ్చింది. ళ కింద ల ఒత్తుతో సహా. ఒకటో తరగతి పిల్లలకు ఇవన్నీ ఎందుకని ఆ టీచరు అనుకుని ఉంటే, వాడి ప్రశ్న వాడి నోట్లోనే ఉండిపోయేది.

కాబట్టి పాపకు చెప్పండి. ఎలా చెప్పాలన్నదే అసలు సంగతి. ఇందులో నేను చేసిన ఒక తప్పు రాయాలి. ఉద్యోగంలో కొత్తలో, రెండో తరగతికి తాగుడు గురించి ఒక కథ చెప్పాను. తండ్రి తాగి తాగి చనిపోతాడు, పిల్లలు రోడ్డున పడతారు. కదిలించేలా చెప్పాలని గొంతు వణికించి మరీ చెప్పాను. మర్నాటి నుంచి ఒక పిల్లవాడు బడికి రాలేదు. ఐదో రోజు ఇంటికి వెళ్తే, వాడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. తండ్రి తాగి వచ్చి లోపల పడుకుని ఉన్నాడు. "బడికి పోతే నాయన చచ్చిపోతాడేమోనని కాపలా ఉండా" అన్నాడు. ఏడేళ్ల పిల్లవాడు. ఐదు రోజులు. వాడి పక్కన ఆ గడప మీద కూర్చుని, "నాయనను కాపలా కాయడం నీ పని కాదయ్యా, పెద్దవాళ్లం మేమున్నాం" అని చెప్పడానికి నాకు గొంతు రాలేదు. ఇప్పటికీ ఆ గుమ్మం కళ్ల ముందు కనిపిస్తుంది.

ఆ తర్వాత మూడు విషయాలు పట్టుకున్నాను. పిల్ల చూసినదాని గురించే, అడిగినంతవరకే చెప్పడం. భయపెట్టే ముగింపు పెట్టకపోవడం. చివర్లో ఎవరికి చెప్పాలి, ఏం చెయ్యాలి అన్నది తప్పకుండా చెప్పడం. మీ పాపకైతే ఇంత చాలు: "ఆయన మందు ఎక్కువ తాగాడు, అందుకే కాళ్లు నిలబడలేదు. వాళ్ల ఇంటివాళ్లు వచ్చి తీసుకెళ్తారు. నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు అట్టాంటి వాళ్ల దగ్గరికి పోకుండా నా దగ్గరికి వచ్చేయ్." ఇంకా అడిగితే ఇంకొంచెం. అడగకపోతే వదిలేయండి.

అడిగేదాకా ఆగకుండా మనమే ముందు చెప్పాల్సింది ఒక్కటే, ఒంటి సంగతి. మూడు, నాలుగేళ్లకే శరీరంలో అన్ని భాగాలకూ పేర్లు చెప్పండి, సిగ్గు పెట్టకుండా. ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో చెప్పండి. ముట్టుకుంటే అది నీ తప్పు కాదు, ఎంత దగ్గరివాళ్లయినా వచ్చి నాకు చెప్పు అని చెప్పండి. పేరు తెలియని పిల్ల జరిగింది చెప్పలేదు. పిల్లల మీద లైంగిక దాడులను శిక్షించే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. కానీ పిల్ల నోటికి మాట లేకపోతే వాటి దాకా సంగతి వెళ్లదు.

కులం విషయం ఎవరూ అడగరు, నేనే చెబుతున్నాను. ఇంట్లో పనిమనిషికి టీ గ్లాసు వేరే ఉంటే, పాప దాన్ని ఇప్పటికే చూసింది. ఏదో ఒక రోజు అడుగుతుంది. అప్పుడు కథలు చెప్పే బదులు, ఆ గ్లాసు ఈరోజే మీ గ్లాసుల్లో కలిపేయండి.

ఇప్పుడు మీ అత్తగారి ఊరి సంగతి. 1991లో మా రాత్రి బడికి వచ్చేవాళ్లంతా పగలు కూలికి పోయి వచ్చే ఆడవాళ్లు. లాంతరు వెలుగులో పదిరోజులుగా అక్షరాలు చెబుతున్నా పలక మీద చెయ్యి కదిలేది కాదు. స చూపిస్తే ర అనేవాళ్లు. ఒక రాత్రి బోర్డు మీద "సారా" అని రాశాను. వెనక కూర్చున్న ఒకామె లేచి వచ్చి, స మీద వేలు పెట్టి, దీర్ఘం మీద వేలు జరిపి, "సా" అంది. మళ్లీ వేలు జరిపి, "రా". ఒక్క క్షణం ఆగింది. "సారా. ఇదేనా? ఇంతేనా? రెండక్షరాలేనా మా ఇంటిని తినేస్తా ఉండేది?" అంది. ఆ రాత్రి ఎవరూ తొందరగా ఇంటికి పోలేదు.

అక్షరాస్యత పుస్తకాల్లో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది, ఊరి ఆడవాళ్లను కూడగట్టి సారా దుకాణం మూయించిన ఆడమనిషి కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఆ పాఠాన్ని చదివి ఊరుకోలేదు, తమ ఊళ్లో సారా ఆపేశారు. వాళ్లలో ముందు నిలబడిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఆ కదలిక ఊరూరా పాకింది, సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో ముందు మన జిల్లాలో, ఆ అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. వాళ్లు అక్షరాలన్నీ సరిగ్గా వచ్చేదాకా ఆగి ఉంటే అది జరిగేది కాదు. తమ సంగతి పుస్తకంలో కనబడింది కాబట్టే అక్షరాలు కూడా వచ్చాయి.

మీ అత్తగారి వయసు రాయలేదు గానీ, ఆ రోజుల్లో ఆ పల్లెల్లో ఉన్న ఆడమనిషికి ఏమీ గుర్తులేకుండా ఉండదు. "ఇంత పసిదానికి ఎందుకు" అన్న మాట వెనక కూడా ఏదో ఉండి ఉంటుంది. ఈ ఆదివారం ఆమెను అడగండి, పాపను ఒళ్లో కూర్చోబెట్టి. తాగుడు గురించి అడగొద్దు. "సారా దుకాణం మూయించినప్పుడు మీ ఊళ్లో ఏం జరిగింది, నువ్వు యాడుండావు?" అని అడగండి. ఆమె చెబుతుంటే ఆమె మాటల్లోనే, "యాడ", "ఎట్టా" ఏదీ మార్చకుండా, పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు తెల్లకాగితం మీద రాయండి. బొమ్మ వెయ్యొద్దు. నాయనమ్మ చేత ఒక్కో మాట మీద వేలు పెట్టించి, రెండుసార్లు పాపకు చదివించండి. మూడోసారి వాక్యాలను కత్తెరతో విడదీసి, వరుస మార్చి పాప ముందు పెట్టండి. ఏ వాక్యం దగ్గర ఆగిందో, ఏ మాటకు నాయనమ్మ మొహం వైపు చూసిందో గమనించి నాకు రాయండి. తర్వాతి మెట్టు దాన్ని బట్టి చెబుతాను.